ముంచని కత్తెర

కత్తెర గడప మీద అడ్డంగా పడి ఉంది.

దానంతట అది వచ్చి పడలేదు, సాయవ్వే తెచ్చి పెట్టింది. బాన్సువాడలో జరిగిన రైతుల సభలో శాలువాతో పాటు కోడలి చేతికిచ్చిన ఎర్ర పిడుల కత్తెర అది. తోట పని లేనప్పుడల్లా రెండేళ్ళుగా దేవుడి గూటి పక్కన మేకుకు వేలాడుతూ, ఇంటికొచ్చిన చుట్టాలందరికీ దర్శనమిచ్చేది. ఇవాళ తెల్లారేసరికి గడప మీదికి దిగింది.

"గిది దాటి బయటికెవరు పోతరో నేను జూస్త," అంది సాయవ్వ. గడప పక్క గోడకు ఆనుకుని, దారికి అడ్డంగా కాళ్ళు చాపుకుని కూర్చుంది. ముందున్న చాయ్ గ్లాసు చల్లారిపోయి మీగడ కట్టింది. నిన్న సాయంత్రం నుంచీ ఆమె పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

"అవ్వా, పొద్దుగాల్నే ఏంది నీ లొల్లి? దాన్ని లోపల పెట్టు, ఎవరన్న జూస్తరు," అన్నాడు భానుప్రసాద్, తువ్వాలతో తల తుడుచుకుంటూ.

"జూడనీ. జూడాల్ననే పెట్టిన."

"నిన్నటి సంది అన్నం ముట్టకపోతివి. ఎవరి మీద నీ కోపం? నా మీదనా?"

"నీ మీదెందుకు? నువ్వు ఉత్తగ ఇన్నోనివి. నేను మాట్లాడేది చెప్పినదానితోని." సాయవ్వ పొయ్యి దిక్కు చూసింది.

పొయ్యి దగ్గర సిరీష బియ్యం కడుగుతోంది. కడిగిన బియ్యమే మళ్ళీ కడుగుతోంది. మూడు నీళ్ళు పారబోసి నాలుగోసారి పోస్తోంది. తలెత్తితే అత్త కళ్ళలోకి చూడాలి. ఆ పని ఆమె వల్ల కావడం లేదు.

నిన్న సాయంత్రం మొగుడికొక్కడికే చెప్పుకుందామని నోరు విప్పింది పాపం. తడక అవతల అత్త గోకరకాయలు తుంచుతూ కూర్చుందని చూసుకోలేదు. "ఆపా తోటకు గజ్జి అంటింది నా కత్తెరతోనేనయ్యా. కమ్లి ఏం చెయ్యలే," అని తను అనడమూ, అవతల చాట నేల మీద పడ్డ చప్పుడూ ఒక్కసారే అయ్యాయి.

ఆపా అంటే అక్క; సిరీష అట్లా పిలిచేది రహీమున్నిసాను. లియాఖత్ భార్య. పన్నెండేళ్ళ కింద ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ఒకే వారంలో నిమ్మ అంట్లు నాటుకున్నారు. మొదటి రెండు ఎండాకాలాలూ బోర్లు ఎండిపోతే, చెరువు గుంటలో మిగిలిన నీళ్ళు బిందెలతో మోసి, ఈ తోటకో బిందె ఆ తోటకో బిందె పోసుకున్నారు. అట్లా బతికిన చెట్లు నూట ముప్ఫై, రహీమున్నిసావి. ఇప్పుడు వాటి ఆకుల మీద పసుపు అంచు కట్టిన గరుకు మచ్చలు లేచాయి. కొమ్మల మీద, కాయల మీద కూడా అవే మచ్చలు. చేత్తో తడిమితే పొక్కు కట్టిన చర్మంలా తగులుతోంది. దాన్నే ఊళ్ళో గజ్జి అంటారు.

ఆ గజ్జిని మోసుకొచ్చింది కాయలు కోసే కమ్లియేనని లియాఖత్ గట్టిగా నమ్మాడు. కమ్లి మొన్న బీర్కూర్ దిక్కు తోటల్లో పని చేసి వచ్చింది. ఆమె గంపతో, కొంగుతో రోగం వచ్చిందని ఆయన లెక్క. ఇవాళ పది గంటలకు, ఆకు తడి ఆరినంక, నిమ్మతోటల సంఘం ఆడవాళ్ళందరినీ తన తోటకు రమ్మన్నాడు. ఇకమీద కమ్లిని ఎవరూ తోటల్లోకి పిలవొద్దని అందరి ముందూ చెప్పించాలని పట్టు పట్టాడు. చెప్పాల్సింది ఎవరు? సంఘానికి పెద్ద, తెగుళ్ళ గురించి ఊరూరా తిరిగి పాఠాలు చెప్పే సిరీష. ఆమె నోటితో అంటేనే ఆ మాటకు విలువట!

"జర నా మాట ఇను," భానుప్రసాద్ గొంతు తగ్గించి పెళ్ళాం పక్కన చతికిలబడ్డాడు. "శుక్రవారం జుక్కల్ నుంచి బస్సు నిండ రైతులొస్తున్నరు. షాపు మందు కొట్టకుండ, రోగం లేకుండ తోట ఎట్ల పెంచినవో జూడనీకే వస్తున్నరు. రోడ్డు మీద బోర్డు నేనే రాసిన, నా చేతులతోని. గిప్పుడు నువ్వు పోయి నా తోటలనే గజ్జి ఉండె అంటవా?"

"ఉండె గద."

"ఏడు చెట్లు! మూలకు ఏడే ఏడు చెట్లు. కొమ్మలు కోసినవ్, కాలబెట్టినవ్, అయిపాయె. ఇప్పుడున్నదా? లేదు. లేని రోగానికి చాటింపెందుకు?"

"మరి కమ్లి?"

"కమ్లికేమైతది? నాట్లు పడ్డయి, నాట్లకు పోతది. నాల్గు దినాలైతే మర్చిపోతది."

సాయవ్వ అరచేత్తో నేల మీద ఫట్‌మని కొట్టింది. "మర్చిపోతదా? నేను మర్చిపోయిన్నార?"

తల్లీ కొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ మాట ఎటు పోతోందో భానుప్రసాద్‌కు అర్థం కాలేదు.

"నాకు పెండ్లైన ఏడాది. మీ మేనత్త లగ్గంల ముక్కుపుల్ల పోయింది. కొత్త కోడలే తీసి ఉంటదన్నరు. నా మూట విప్పి అందరి ముంగట దులిపిండ్రు. తీసినామె నా పక్కనే కూసుండి బూరెలు చేస్తుండె. ఆమెకెర్కే, నాకెర్కే. ఒక్క మాటనలే. నెల దినాలకు నీళ్ళ గోలెం కింద దొరికిందని తెచ్చిచ్చింది. అందరు నవ్విండ్రు. నేను గిప్పటికి గా గల్లి నుంచి నడుస్తలేను."

"నాకెన్నడు చెప్పకపోతివి అవ్వా."

"సిగ్గయింది బిడ్డా. చెయ్యనిదానికి గూడ సిగ్గయితది."

సిరీష చేతిలో బియ్యం గిన్నె పక్కకు ఒరిగింది. నీళ్ళతో పాటు గుప్పెడు బియ్యం బండ మీద పడ్డాయి. వాటిని ఏరుతున్నట్టు తల మరింత దించుకుంది. చెయ్యని దానికే ఈ ముసలమ్మ నలభై ఏళ్ళుగా ఒక గల్లీ తప్పించి నడుస్తోంటే, చేసిన తను ఎన్ని గల్లీలు తప్పించుకోవాలి?

ఆమెకు నీలం బకెట్టు గుర్తొచ్చింది. ఈ మూడు వారాల్లో అది గుర్తు రాని పూట లేదు.

సిరీష ఊళ్ళల్లో చెప్పే పాఠం పెద్దదేం కాదు. వేపనూనె కొట్టి ఆకు తొలిచే పురుగును ఆపండి, కోసిన గాయాలకు మైలుతుత్తం సున్నం కలిపి పూయండి అని చెబుతుంది గానీ, అన్నిటికన్నా ముందు మూడు మాటలు అందరితో వల్లె వేయిస్తుంది. రోగం పట్టిన కొమ్మ కోసి తోట బయట కాలబెట్టాలి. చెట్టు చెట్టుకూ కత్తెరను బ్లీచింగ్ నీళ్ళలో ముంచాలి. ఆకు తడిగా ఉంటే తోటలో అడుగు పెట్టొద్దు. "షాపుకు పోయేముందు మీ చేతులు చూసుకోండ్రి, మందు డబ్బాలో లేదు," అంటుంది. ఆ మాటకు ఎన్ని చప్పట్లు పడ్డాయో!

మూడు వారాల కింద ఒక పొద్దున, బోరు మూలన తన చెట్ల మీదే మచ్చలు కనిపించాయి. ఎవరికీ చెప్పలేదు. కమ్లి ఒక్కదాన్ని పిలిచి, తను కోస్తుంటే ఆమె బస్తాలకెత్తి, ఇద్దరూ కలిసి గట్టు అవతల కాలబెట్టేశారు. ఇంకా పొగ వాసన చీరకే ఉంది, రహీమున్నిసా ఫోను చేసింది. వానలొచ్చే లోపల కాయ కాయని నీటి కొమ్మలు కోసిపెడతానన్నావు గదా, ఇవాళే రమ్మంది. సిరీష అదే కత్తెర పట్టుకుని వెళ్ళింది.

వెళ్ళేసరికి రహీమున్నిసా నీలం బకెట్టులో బ్లీచింగ్ నీళ్ళు కలిపి సిద్ధంగా పెట్టింది. నేర్పిన పాఠం నేర్పినట్టు! అంతలోనే తనే నవ్వేసింది. "పాగల్‌దాన్ని నేను. నీ కత్తెరకెందుకు సిరీషా ఇది? నీ తోటల రోగముంటె గద!" అని, ఆ బకెట్టు ఎత్తి గచ్చు మీద కుమ్మరించి చీపురుతో కడిగేసింది.

అప్పుడన్నా అనొచ్చు. అయ్యో పారబొయ్యకు ఆపా, ముంచాలె అనొచ్చు. అంటే ఎందుకని అడుగుతుంది. అడిగితే చెప్పాలి. సిరీష భుజాల మీద ఆ శాలువా ఇంకా ఉన్నట్టే ఉంది ఆమెకు. "అవును ఆపా, ఎందుకు తియ్యి," అంది. అని, మొదటి చెట్టు దగ్గరికి నడిచింది.

సాయంత్రానికి చేతులు పీకి, కత్తెర అక్కడే వదిలి ఇంటికొచ్చింది. నాలుగు రోజులకు సంఘంలోని శ్రీలత తెచ్చిస్తే తీసుకుని మళ్ళీ మేకుకు తగిలించింది.

ఫోను మోగింది. ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. తెర మీద ఆపా పేరే.

"సిరీషా, బయల్దేరినవా?" రహీమున్నిసా గొంతు ఏడ్చి ఏడ్చి బొంగురు పోయింది. "మా ఆయన పొద్దుగాల్నే పోయి తెల్లపొడి ప్యాకెట్లు తెచ్చిండు. మనుషులకు జ్వరమొస్తే ఇస్తరు సూడు, అసొంటి మందంట. చెట్లకు కొడ్తనంటుండు. సిరీష వచ్చి జూసేదాంక ముట్టొద్దన్న. రోగం ఆ మందుకు అలవాటు పడ్తది, రేపు మనకే పని చెయ్యదని నువ్వే చెప్పినవ్ గద? నా మాట ఇంటలేడు. నీ మాటైతె ఇంటడు. జల్ది రా చెల్లె."

"వస్తున్న ఆపా."

"నాకు నువ్వే దిక్కు సిరీషా."

ఫోను పెట్టేసి, సిరీష చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. గడప దగ్గరికొచ్చి వంగి కత్తెర తీసుకుంది.

"సిరీషా!" భానుప్రసాద్ లేచి నిలబడ్డాడు. "ఇజ్జత్ ఒక్కసారి పోతే మళ్ళ రాదు. సోంచాయించుకో."

"పోయి మూడు వారాలైందయ్యా," అంది సిరీష. "ఇప్పుడు ఊరికి తెలుస్తది, గంతే."

అత్త వైపు చూడడానికి ఇప్పటికీ ధైర్యం చాలలేదు. కింద చూస్తూనే అడిగింది. "అత్తా, చాయ్ వేడి చేసి ఇయ్యనా?"

"వచ్చినంక తాగుత పో," అంది సాయవ్వ. కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చింది.

*

ఆకాశం బీర్కూర్ దిక్కున నల్లగా దిగి ఉంది. బాటకు ఇటు రహీమున్నిసా తోట, అటు సత్యమ్మ తోట. బాట మధ్యలో, ముళ్ళకంచెకు దూరంగా, కమ్లి గొంతుక్కూర్చుని ఉంది. లోపలికి రావొద్దన్నారు కాబోలు. గంప బోర్లించి పక్కన పెట్టుకుంది.

సిరీష ఆమె దగ్గర ఆగింది. "కమ్లీ, నీకు తెలుసు గద?"

"ఏంది అక్కా?"

"బస్తాలెత్తింది నువ్వే గద. నా చెట్లను జూసినవ్. గా దినమే నేను గీ తోటకు పోయిన్నని నీకెరుకే. లియాఖత్ భాయ్ అట్ల తిడుతుంటే ఎందుకు చెప్పలే?"

కమ్లి తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే సిరీషకు ఎంత బాగుండేది! కోపం లేదు. ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది, అంతే.

"నేను చెప్తె ఎవరు నమ్ముతరక్కా? నువ్వు చెప్తె నమ్ముతరు."

సిరీషకు తల కొట్టేసినట్టయింది. చెయ్యి పట్టుకుని కమ్లిని లేపింది. "నాతోని రా," అంది. కమ్లి రెండడుగులు వేసి కంచె దగ్గర ఆగిపోయింది. ఆమెకు తెలుసు తన హద్దు ఎక్కడో.

లోపల పదిహేను మంది దాకా చేరారు. సత్యమ్మ, శ్రీలత ముందే వచ్చి ఒక చెట్టు కింద కొమ్మ వంచి చూస్తున్నారు. సత్యమ్మ సంఘంలో అందరికన్నా పెద్దది, శ్రీలత అందరికన్నా చిన్నది. లియాఖత్ నిలబడి ఉన్నాడు, చేతిలో ప్యాకెట్ల సంచి. రహీమున్నిసా మాత్రం ఎదురొచ్చి సిరీష రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతుల మధ్య కత్తెర కూడా ఉంది.

"వచ్చినవా తల్లీ," అన్నాడు లియాఖత్. మనిషి మంచివాడే, కడుపు మండిపోతోంది పాపం. "నువ్వు చెప్పినట్టే చేసినం. షాపు మందు ముట్టలే. వేపనూనె కొట్టినం. నువ్వే వచ్చి కొమ్మలు కోసిపోయినవ్. అయిన గిట్లయింది. బయటి నుంచి తేకపోతె యాడికెల్లొచ్చింది? కమ్లీ! గక్కడి నుంచే చెప్పు. బీర్కూర్ దిక్కు నిమ్మతోటలకు పోయినవా, లేదా?"

"పోయిన సేటు."

"గా తోటల గజ్జి ఉన్నదా?"

"ఉన్నది."

"ఇన్నరా?" లియాఖత్ అందరి వైపూ తిరిగాడు. "దానంతట అదే ఒప్పుకున్నది. ఇగ సిరీషా, నువ్వు చెప్పు. గీమెను ఏ తోటలకు రానియ్యొద్దని నువ్వు చెప్పు, అందరింటరు."

అందరూ సిరీష వైపు చూశారు. ఎప్పటిలానే చూశారు, పాఠం వినడానికి కూర్చున్నప్పుడు చూసినట్టు. సత్యమ్మ అయితే కొంగు సర్దుకుని చెవి కూడా ఇటు పెట్టింది.

సిరీష బాటలో నడుస్తూ ఎన్నెన్ని మాటలు కూర్చుకుందో! ఆపా, నన్ను క్షమించు అని మొదలుపెట్టాలనుకుంది. తీరా ఇప్పుడు ఒక్కటీ రాలేదు.

"కమ్లి తేలేదు," అంది.

"మరెవరు?"

"నేను తెచ్చిన."

లియాఖత్ సరిగ్గా వినపడనట్టు ముందుకు వంగాడు. ఎవరో కిసుక్కున నవ్వారు కూడా, పరాచికమనుకుని. సిరీష కత్తెర పైకెత్తి చూపించింది.

"నా తోటల గజ్జి వచ్చింది. బోరు మూలకు, ఏడు చెట్లకు. గీ కత్తెరతోనే కోసిన. గదే దినం గీ కత్తెర పట్టుకొని ఇక్కడికొచ్చిన. ముంచలే. ముంచకుండనే ఆపా చెట్లన్ని కోసిన. నాకు తెలిసే కోసిన. మర్చిపోయి కాదు."

రహీమున్నిసా ఇంకా ఆమె రెండో చెయ్యి పట్టుకునే ఉంది. ఆ పట్టు మెల్లగా సడలింది.

"క్యా బోల్రీ తూ సిరీషా? ఏమంటున్నవ్ నువ్వు?"

"బకెట్ నువ్వు పారబోస్తుంటె వద్దనలేకపోయిన ఆపా. నా తోటల రోగముందని చెప్పాల్సి వస్తదని. సిగ్గయింది. గందుకే అవునన్న."

లియాఖత్ చేతిలో సంచి కిందికి జారింది. ఆయన సిరీషను తిట్టలేదు. కంచె అవతల నిలబడ్డ కమ్లి వైపు తిరిగి, "బిడ్డా, నేను..." అని మొదలుపెట్టి, ఆ తర్వాతి మాట దొరక్క టోపీ తీసి చేతుల్లో నలుపుతూ నిలబడిపోయాడు. నిన్న బజారులో పది మంది ముందు ఆమెను అన్న మాటలు ఇవాళ ఆయన గొంతుకే అడ్డం పడ్డాయి.

సిరీష ఎదురుచూసింది. ఆపా కొడుతుందనుకుంది. జుట్టు పట్టుకుంటుందేమో, మట్టి ఎత్తి మొహాన కొడుతుందేమో అనుకుంది. ఏదో ఒకటి చేస్తే బాగుండును. రహీమున్నిసా ఏమీ చెయ్యలేదు. అక్కడే చెట్టు మొదట్లో కూర్చుండిపోయింది. కళ్ళు మాత్రం కత్తెర మీదే ఉన్నాయి.

అట్లా చూస్తూనే అడిగింది. "గా దినం కత్తెర మా ఇంట్ల విడిచిపోయినవ్. యాదికున్నదా?"

"ఉన్నది ఆపా."

"తిరిగి నీకెవరిచ్చిండ్రు?"

"శ్రీలత తెచ్చిచ్చింది," అని అలవాటుగా అనేసింది సిరీష. అన్నాక తెలిసింది తను ఏమన్నదో. ఈ మూడు వారాలూ ఒక్క తోట గురించే కుమిలిపోయింది తను. శ్రీలత చేతికి ఆ కత్తెర ఎట్లా పోయిందని ఒక్కనాడన్నా అడిగిందా? ఎవరి సిగ్గులో వాళ్ళు మునిగి ఉంటే పక్కవాళ్ళు ఎక్కడ కనిపిస్తారు!

"నేను సత్యమ్మకిచ్చిన," అంది రహీమున్నిసా. గొంతు పెంచలేదు. "మంచిగ తెగుతది, రెండు దినాలు ఉంచుకొమ్మని ఇచ్చిన. సత్యమ్మ శ్రీలతకిచ్చింది. సత్యమ్మ పాపం బ్లీచింగ్ కలుపుతనన్నది. నేనే వద్దన్న. గిది సిరీష కత్తెర అక్కా, ముంచే పనిలేదు, అని నేనే చెప్పిన." ఆమె తలెత్తి సిరీష కళ్ళలోకి సూటిగా చూసింది. "చెట్లు పోతె మళ్ళ పెట్టుకుంట. నీ అబద్ధం నా నోటితోని చెప్పిచ్చినవ్ గద సిరీషా. నన్ను గూడ నీ అసొంటిదాన్ని చేసినవ్."

దీనికన్నా చెంపదెబ్బ నయం.

శ్రీలత మొహం పాలిపోయింది. "మావి చిన్న చెట్లక్కా, మొన్ననే కాపుకొచ్చినయి," అని సిరీష వైపు చూస్తూ గొణిగింది. పక్కామెను పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. సత్యమ్మ ఏడవలేదు. చేతిలోని కొమ్మను వదిలేసి, చరచరా బాట దాటి తన తోట దిక్కు నడిచింది. పొద్దున వచ్చేటప్పుడు తన చెట్ల వైపు చూశానా లేదా అని ఆలోచిస్తున్నట్టుంది ఆ నడక.

సత్యమ్మ తన తోట తడక దగ్గరికి చేరిందో లేదో, టపటపా చినుకులు మొదలయ్యాయి. పెద్ద పెద్ద చినుకులు. నిమ్మాకుల మీద పడి చిట్లుతున్నాయి. మచ్చ మీద పడ్డ చినుకు పక్క ఆకు మీదికి చిమ్ముతోంది. సిరీష దాన్ని చూస్తూ నిలబడింది. ఈ మాటే ఎన్ని ఊళ్ళల్లో చెప్పిందో తనకే లెక్క లేదు.

తడక మీద చెయ్యేసి సత్యమ్మ ఆగింది. కంఠతా వచ్చిన పాఠం కాళ్ళకు అడ్డం పడినట్టుంది. వెనక్కి తిరిగి, అలవాటు చొప్పున, గట్టిగా పిలిచింది.

"సిరీషా! ఆకు తడుస్తున్నది. చెట్లను పట్టి జూడాల్నా, ఆగాల్నా?"

సిరీష బాట మీదికి ఉరికింది. "పోవద్దక్కా! ఆకు ఆరేదాంక లోపలికి పోవద్దు. ఒక చెట్టు ముట్టిన చేతితోని ఇంకో చెట్టు ముడ్తె లేనిదానికి గూడ అంటుతది. రేపు ఎండొచ్చినంక పోదాం. నేనొస్త, నేనే అన్ని చెట్లు జూస్త. పోవద్దు!"

ఈ ఒక్క మాటన్నా నిజం. నూటికి నూరుపాళ్ళు నిజం. అది చెబుతుంటే ఆమె గొంతు ఏడుపై పోయింది.

సత్యమ్మ వానలో తడుస్తూ ఆమె మొహం చూసింది. తర్వాత ఆమె భుజం మీదుగా, తోటలో చెట్టు కింద కూర్చున్న రహీమున్నిసాను చూసింది.

"రహీమా! గీమె చెప్పేది నిజమేనా?"

రహీమున్నిసాకు ఆ మూడు మాటలూ నోటికి వచ్చు. సిరీష ఆమె వైపు తిరిగి, రెండు చేతులూ జోడించింది. చెప్పు ఆపా, ఇదొక్కటి చెప్పు. రహీమున్నిసా పెదవులు కదిలాయి. ఒకసారి ఈ మనిషి మాటకు పూచీ పడ్డ నోరు అది. మళ్ళీ ముడుచుకుపోయింది. ఆమె తల తిప్పుకుంది.

సత్యమ్మ తడక తోసింది. తడిసిన కొమ్మలను రెండు చేతులతో పక్కకు తప్పిస్తూ, ఒక్కో ఆకు తిప్పి చూసుకుంటూ, మొదటి చెట్టు నుంచి రెండో చెట్టుకు వెళ్ళింది.